గంటలోగా అందును

ఎడమ జేబులో ఫోను వణికింది. అది వణికిందా, నా తొడ వణికిందా అని తేల్చుకునేలోపే ఎదురుగా తమ్ముడు మౌసు వదిలేసి, చేతులు రెండూ తల వెనక్కి పెట్టుకుని, "కొనేశానన్నయ్యా, గంటలోగా పంపుతాడట" అన్నాడు. "గంటంటే మోగేదా, గడిచేదా?" అనేశాను. నా నోరంతే, మెదడు చెప్పులు వేసుకునేలోపు అది వీధి చివర ఉంటుంది. తమ్ముడు నవ్వాడు. నా మాట విరుపులకి మనస్ఫూర్తిగా నవ్వే ప్రాణి ప్రపంచంలో వీడొక్కడే మిగిలాడు. నా భార్య పెళ్లైన రెండో ఏడే మానేసింది, నా కూతురు పదేళ్లు నిండగానే "నాన్నా, ప్లీజ్" అనడం మొదలుపెట్టింది. జేబులో ఏముందో చూడకుండానే తెలుసు. కొత్త ఆర్డరు, ఒక కీ, అరవై నిమిషాల గడువు. కొన్నవాడు నాకు నాలుగడుగుల దూరంలో కుర్చీలో ఊగుతున్నాడు. అమ్మినవాడు అదే గదిలో, వాడు పెట్టిచ్చిన టీ తాగుతూ, వాడి బిస్కెట్టే కొరుకుతూ, ఈ బిస్కెట్టు ఇంత మెత్తబడిందేమిటా అని ఆలోచిస్తున్నాడు. సముద్రాల కింద తీగలట, ఆకాశంలో ఉపగ్రహాలట, భూగోళమంతా అల్లుకున్న వలట, ఇంతా చేసి ఈ బేరం ఒక్క బల్ల దాటలేదు.

తెర మీద గడియారం వెనక్కి నడుస్తోంది, యాభై ఎనిమిది, యాభై ఏడు. అదే గడియారం నా జేబులోనూ నడుస్తోంది, చీకట్లో. పొద్దున ఫోన్ చేసి "పదకొండుకి ఓసారి రా అన్నయ్యా, ఆ బజారు సంగతులు నీకైతే బాగా తెలుసు" అన్నప్పుడు ఏం పనో చెప్పి ఉంటే అమ్మకం పేజీ మూసేసి వచ్చేవాణ్ణి కదా, నేనైనా అడగలేదు, అడగకుండా రావడమే అన్నగిరీ అనుకున్నాను. వచ్చాక కూర్చోబెట్టి చెప్పాడు. వాడు తయారుచేసిన కంప్యూటర్ ఆట విడుదలై మూడు వారాలు. విడుదలైన రోజే ఆన్‌లైన్ బజార్లో దాన్ని తెరిచే కీ పావు ధరకి దొరికింది. పావుకి దొరికేది పూర్తి ధరకి ఎవడు కొంటాడు? దుకాణాల్లో అమ్మకాలు నిలబడిపోయాయి, నిలబడలేదు, కూర్చున్నాయి, ఇప్పుడు పడుకున్నాయి. ఒక పెద్ద కంపెనీ వాళ్లు ఆట తీసుకుంటామన్నారు, కానీ ఈ కీలు ఎక్కణ్ణుంచి బయటికి పోతున్నాయో తేల్చి చెప్పండి, ఆ కీలు రద్దు చెయ్యండి, అప్పుడే సంతకం అన్నారు. సంతకం సాయంత్రం నాలుగింటికి. లేకపోతే నెలాఖరుకి ఈ గది ఖాళీ. "ఎవడో ఒక్కడే అన్నయ్యా మొత్తం అమ్ముతున్నాడు. పేరు చూడు, కీచురాయట. వాడి దగ్గర ఒక్కటి కొన్నామనుకో, అది ఎవరికిచ్చిన కీయో పట్టేస్తా." నేను తల ఊపాను. కీచురాయి. ఆ పేరు పెట్టుకున్న రోజు నాకు నేనే భుజం తట్టుకున్నాను, కీ ఉంది, చురుకుంది, రాయి ఉంది అని. ఇవాళ ఆ రాయి నా నెత్తి మీదకే వచ్చింది.

ఈ గది కింద బట్టలుతికే యంత్రాల దుకాణం. ఎనిమిది యంత్రాలూ ఒకేసారి తిరిగితే పైన నేల సన్నగా వణుకుతుంది, గోడలకి సబ్బు వాసన, చలికాలంలో కాళ్లకి వెచ్చన. వీడు ఇక్కడ అయిదేళ్లు కూర్చున్నాడు. కింద జనం మురికి వదిలించుకుంటూంటే పైన వీడు ఆట కట్టాడు, నేను కింద నుంచి పైకొచ్చి వాడి ఆట కట్టించాను. చూశారా, ఇంత దౌర్భాగ్యంలోనూ నోరు ఊరుకోదు. ఆట ఏమిటంటే, ఒక బస్సు డిపోలో పోయిన వస్తువుల గది. అందులో ఒక గుమాస్తా. గొడుగులు, ఒంటి చేతి తొడుగులు, పళ్లసెట్టు, ఎవరిదో పెళ్లి ఫోటో. వచ్చినవాళ్లతో మాట్లాడి, నిజం చెప్పేవాడెవడో కనిపెట్టి, ఎవరి వస్తువు వాళ్లకి ఇవ్వాలి. అంతే. తుపాకులు లేవు, పరుగులు లేవు. "ఇదెవడాడతాడ్రా?" అన్నాను మొదటిసారి చూపించినప్పుడు. "నాన్న ఆడాడుగా, ముప్పై ఏళ్లు" అన్నాడు. నాన్న పని అదే. ఆ గదిలో గొడుగుల వాసనకి నాన్న చొక్కా కూడా వానలా ఉండేది. ఎవరూ తీసుకోడానికి రాని వస్తువుల్ని ఏడాది దాటాక వేలం వేసేవాళ్లు, వేలంలో గుమాస్తా పాడకూడదని రూలు. నేనొకసారి నాన్న బల్ల మీద ఉన్న చేతి గడియారం ముచ్చటపడి జేబులో వేసుకున్నాను, పన్నెండేళ్లు నాకు. నాన్న కొట్టలేదు. మర్నాడు నన్ను గదిలో కూర్చోబెట్టాడు. సాయంత్రం ఒక ముసలాయన వచ్చి గడియారం పోయిందన్నాడు, నాన్న నా వైపు చూడకుండా, "మా వాడు జాగ్రత్తగా పెట్టాడండీ, వాడిస్తాడు" అన్నాడు. నా చేత్తో ఇప్పించాడు. ముసలాయన నాకు దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం ఇంకా నా దగ్గరే ఉంది, ఎవరికి తిరిగివ్వాలో తెలీక.

నలభై తొమ్మిది. కీ అంటే ఇనుప ముక్క కాదని మా ఆవిడకి చెప్పడానికే నాకు వారం పట్టింది. పదిహేను అక్షరాలూ అంకెలూ. కంప్యూటర్లో కొడితే ఆట నీదవుతుంది, ఒక్కసారే పనిచేస్తుంది, తరవాత అది చచ్చిన పాము. ఒకప్పుడు నాకు దుకాణం ఉండేది, ఆటల డిస్కులు, గాజు అద్దాల్లో వరసగా, పిల్లలు ముక్కులు ఆనించి చూసేవాళ్లు, వాళ్ల ముక్కు మరకలు తుడవడమే నా పొద్దుటి పని. డిస్కులు పోయాయి, ముక్కులు పోయాయి, చివరికి అద్దాలు కూడా ఒక చేపల తొట్ల వాడు కొనుక్కుపోయాడు. అప్పుడు ఇంట్లో అలమరా పక్కన ఒక బల్ల వేసుకుని కీలు అమ్మడం మొదలుపెట్టాను. దీన్ని గ్రే మార్కెట్ అంటారు. నల్లబజారుకి ఒక నిజాయితీ ఉంటుంది, నేను నల్లగా ఉన్నానని చెప్పుకుంటుంది. ఇది నెరిసిన బజారు. నా తలలాగే, రంగు వేస్తే నలుపు, వదిలేస్తే తెలుపు, మధ్యలో ఉన్నంతకాలం వయసెంతని ఎవడూ అడగడు. ఒకడు ఆటల మీద సమీక్షలు రాస్తానని తయారుచేసినవాళ్లకి ఉత్తరాలు పెట్టి ఊరికే కీలు తెచ్చుకుంటాడు, సమీక్షకుడు కాదు, భిక్షకుడు. ఇంకొకడు ఎవరి బ్యాంకు కార్డో కొట్టేసి దాంతో కొంటాడు. అన్నీ కలిసి ఒకే బుట్టలో పడతాయి, బుట్టలో పడ్డాక ఏ పండు ఏ తోటదో ఎవడడిగాడు? నేను కార్డుల జోలికి పోలేదు. ఈ వాక్యం నాకు కంఠతా వచ్చు. పళ్లు తోముకుంటూ కూడా అనుకుంటాను.

తమ్ముడే నాకు యాభై కీలు ఇచ్చాడు. విడుదలకి ముందు వారం మా ఇంటికొచ్చి, కవర్లో పెట్టి, రెండు చేతులతో. "నీ పాత కస్టమర్లకి ఇవ్వన్నయ్యా, నీ మాటంటే వాళ్లకి గురి, ఆడి నలుగురికీ చెబుతారు." పాత కస్టమర్లు! వాళ్లలో సగం మందికి పిల్లలు పుట్టేశారు, మిగతా సగానికి బట్టతల పుట్టింది. నిజంగానే ఇద్దామనుకున్నాను. ఒకడికి ఫోన్ చేశాను కూడా, "ఎవరండీ?" అన్నాడు. ఎవరండీ. పన్నెండేళ్లు వాడి పుట్టినరోజుకి డిస్కు దాచిపెట్టినవాణ్ణి, ఎవరండీనట. కవరు బల్ల మీద ఉంది. బల్ల మీదకి వచ్చింది ఏదైనా అమ్మడమే ఈ చేతులకి తెలుసు. రెండు పెట్టి చూశాను, ఎంతకి పోతుందో చూద్దామని, వాడి ఆట విలువ తెలుసుకోవాలనే ముచ్చట అనుకోండి. నిమిషంలో పోయాయి. ఆ నిమిషం నాకు దుకాణం మళ్లీ తెరిచినట్టుంది. నిజం చెప్పనా, ఇక్కడ నోరు తెరవకుండా అనుకుంటున్నాను కాబట్టి చెప్పుకోవచ్చు, డబ్బు కోసం కూడా కాదు. వాడి ఆటని పత్రికలో మెచ్చుకున్నారు. "ఈ గుమాస్తాని మరిచిపోలేం" అని రాశారు. మా నాన్న గుమాస్తా. ఇద్దరికీ నాన్నే. వాడొక్కడే ఆయన్ని తీసుకెళ్లి అందరికీ చూపించాడు, నా వాటా నాకు రాలేదనిపించింది. నలభై ఎనిమిది అమ్మాను. రెండు మిగిలాయి.

ముప్పై ఆరు. "నీ దగ్గర లిస్టు ఉందా ఏంట్రా, ఎవరికేది ఇచ్చావో?" అని అడిగాను, ఆవులింత కలిపి. "ఉందిగా! ప్రతి కీకీ గుర్తు పెట్టాను. పత్రికల వాళ్లకి పచ్చ, వీడియోలు చేసేవాళ్లకి నీలం, టీచరుగారి ఇరవైకీ పసుపు." టీచరుగారంటే ఆటకి సంగీతం చేసినావిడ, బడిలో పిల్లలకి పాట నేర్పుతుంది. అయిదేళ్లూ సాయంత్రాలు ఈ గదికే వచ్చింది, కింద యంత్రాల చప్పుడు రికార్డు చేసి దానికే తాళం కట్టింది, పైసా అడగలేదు, అమ్ముడైతే అప్పుడు చూద్దామంది. వీళ్లిద్దరూ పెళ్లి చేసుకుంటారని మా ఆవిడ, చేసుకోరని నేను పందెం. నన్ను "అన్నగారూ" అంటుంది. తాళం ఆవిడది, చెవి ఆవిడది, తాళంచెవి అమ్ముకున్నవాణ్ణి నేను. నా కవర్లోంచి ఒక కీ పంపితే చాలు, తమ్ముడు లిస్టులో వెతుకుతాడు, నా రంగు వస్తుంది, ఏ రంగిచ్చాడో నాకు? ఎరుపేమో. పంపకపోతే? ఆర్డరు రద్దవుతుంది, వాడు మళ్లీ కొంటాడు, మొండి వెధవ, అయిదేళ్లు ఒక గొడుగు సరిగ్గా ముడుచుకునేదాకా బొమ్మ గీసినవాడు. తప్పుడు కీ పంపితే? బజారు వాళ్లు నా పేరూ ఊరూ కాగితాలూ అడుగుతారు. గోడ మీద నాన్న ఫోటో లేదు, బాగుంది, ఉంటే ఇప్పుడు దాని వైపు చూడాల్సి వచ్చేది.

ఒక దారి ఉంది. ఉందని ముందే తెలుసు, టీ మొదటి గుక్కకే తెలుసు, ఇంతసేపూ దాని చుట్టూ తిరుగుతున్నాను. నా కూతురు పుట్టినరోజుకి టీచరు ఒక కార్డు ఇచ్చింది. లోపల చేత్తో రాసిన ఒక కీ, దాని కింద, "చిట్టికి, పోయినవన్నీ దొరకాలని." చిట్టి ఇంకా వాడలేదు, ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటరూ పొద్దస్తమానం నా అమ్మకాల్లోనే ఉంటుంది కదా. "నాన్నా, కార్డు పోతుందేమో, ఫోటో తీసి నీ ఫోన్లో దాచవా" అంది. దాచాను. అది టీచరు ఇరవైలోది, పసుపు కీ. అది పంపితే తమ్ముడు టీచర్ని ఏమంటాడు? ఏమీ అనడు. ఆవిడ తెలిసిన పిల్లలకి ఇచ్చి ఉంటుంది, ఎవడో పిల్లవాడు అమ్ముకున్నాడనుకుంటాడు. కంపెనీకి కారణం దొరుకుతుంది, సంతకం అవుతుంది, పసుపు ఇరవై రద్దు చేస్తారు, ఎవరికీ ఏమీ కాదు. చిట్టికి ఇంకోటి కొనిపెడతాను, పూర్తి ధరకి, దుకాణంలో. చూడండి ఎంత బాగా కుదిరిందో, ఎంత నున్నగా. నున్నగా ఉన్నచోటే కదా కాలు జారేది.

"ఒక్క నిమిషంరా" అని మెట్ల మీదకి వచ్చాను. కింద ఒకావిడ యంత్రంతో గొడవ పడుతోంది. "బిళ్ల మింగేసింది కానీ తిరగదేంటి ఇది, నా కొడుకులాగే!" అని దాని పొట్ట మీద కొట్టింది. ఇంకో రోజైతే దిగి వెళ్లి ఏదో ఒకటి అనేవాణ్ణి, ఆవిణ్ణి నవ్వించేవాణ్ణి. ఫోటో తెరిచాను. చిట్టి వేలు కూడా పడింది ఫోటోలో, కార్డు పట్టుకున్న బొటనవేలు, గోరు కొరికేసుకుని. నా పద్ధతి ఒకటుంది. అందరూ కీలని యంత్రానికి అప్పజెప్పేస్తారు, ఆర్డరు రాగానే అదే పంపేస్తుంది. నేను పంపనివ్వను. దుకాణదారుణ్ణి, సరుకు నా చేత్తో అందాలి. ప్రతి కీనీ రెండుసార్లు పైకి చదువుకుంటాను, తప్పు పోకుండా, కింద ఒక జోకు రాస్తాను. "మీ కీ మీకే, కీడు మాత్రం మాకే" లాంటివి. కొన్నవాళ్లకి అవి ఇష్టం, జోకు కోసమే మళ్లీ వచ్చామని రాస్తారు. ఇవాళ కూడా రెండుసార్లు చదివాను, పెదవులతో, గోడ వైపు తిరిగి. చివరి అయిదూ ఇవి: ఏడు, కె, నాలుగు, తొమ్మిది, డబ్ల్యూ. జోకు దగ్గరికొచ్చేసరికి వేలు అలవాటుగా "మీ" అని కొట్టింది. చెరిపేశాను. పంపాను. ముసలాయన దణ్ణం గుర్తొచ్చింది, ఎందుకో ఆయన గోళ్లు కూడా గుర్తొచ్చాయి, పసుప్పచ్చగా.

లోపలికి అడుగు పెట్టేసరికి తమ్ముడు కుర్చీతో సహా బల్లకి అతుక్కుపోయాడు. "వచ్చిందన్నయ్యా! టైముకి పంపాడు వెధవ." తెర వాడి వైపు ఉంది, వాడి కళ్లజోడులో తెల్లగా రెండు చిన్న కిటికీలు. కీ కాపీ చేశాడు. లిస్టులో వెతికాడు. కింద యంత్రం ఏదో ఆగిపోయింది, నేల కూడా ఆగింది. వాడు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని మళ్లీ చూశాడు. "టీచరుగారిది" అన్నాడు. ఆ గొంతు నాకు తెలీదు. యాభై ఏళ్లకి దగ్గర పడ్డాడు, వాడి గొంతులన్నీ తెలుసనుకున్నాను. "ఎవరో పిల్లాడు అమ్మేసుంటాడ్లేరా" అన్నాను. "యాభై దాకా అమ్మాడన్నయ్యా ఈ కీచురాయి. ఆవిడకిచ్చింది ఇరవై. అంటే ఆవిడ ఇంకా ఎవరెవరి దగ్గరో అడిగి తీసుకుని..." అంటూ లిస్టుని పైకీ కిందికీ జరిపాడు. ఆ యాభై అంకె మీంచి వాణ్ణి మళ్లించాలని నా నోరు వేరే వైపు పరిగెత్తింది. "అదేంట్రా, ఆవిణ్ణి అనుమానించి నన్ను వదిలేస్తావా, నా రంగేది? నన్నూ వెతుకు!" గట్టిగా, నవ్వుతూ, నిర్దోషులు నవ్వుతారే అలా. తమ్ముడు తల ఎత్తకుండా, "నీకు రంగు లేదు" అన్నాడు. "నీకిచ్చినవి లిస్టులో రాయలేదు. ఇంట్లోవాళ్లకి గుర్తులేంటన్నయ్యా, సిగ్గుచేటు. లిస్టులో లేనివన్నీ అమ్ముడైనవే కదా, నీ యాభైలో ఒకటి దొరికుంటే ఎవడో దొంగ కార్డుతో మన సైటులో కొన్నాడనుకునేవాణ్ణి."

రంగు లేదు. కవరులోంచి ఏది తీసి పంపినా తెలుపే. ఏమీ జరిగేది కాదు, ఎవరి పేరూ వచ్చేది కాదు, ఈ గది ఇలాగే సబ్బు వాసన వేసేది. కూర్చున్నాను. వాడు టీచరుకి ఫోన్ చేస్తున్నాడు, వద్దురా అనాలి, అంటే ఎందుకంటాడు, ఎందుకో నేనేం చెప్పాలి? స్పీకర్లో వెనక పిల్లలు పాడుతున్నారు, ఒకడు శ్రుతి తప్పి మరీ గట్టిగా.

"చెప్పండి బాబూ, సంతకం అయిపోయిందా?"

"కాలేదు టీచరుగారూ. ఆ బజార్లో ఒక కీ కొన్నాను. అది మీకిచ్చిన వాటిల్లోది."

పిల్లలు ఒక చరణం పాడారు. "నావాటిల్లోదా?" అంది. కోపం లేదు, వెతుకులాట ఉంది, కొంగుకి కట్టుకున్నదేదో తడుముకుంటున్నట్టు. "ఉండండి. ఎవరికేది ఇచ్చానో పేరుతో సహా పాటల పుస్తకం వెనక రాసుకున్నాను. సంచి పక్క గదిలో ఉంది, ఒక్క క్షణం."

తమ్ముడు ఆ క్షణాన్ని ఏం చెయ్యాలో తెలీక తెర వైపు తిరిగాడు. "వీడికి మార్కులెయ్యమంటోంది. అయిదు చుక్కలూ ఇచ్చేస్తున్నా, అనుమానం రాకుండా" అని నొక్కాడు. నా తొడ మీద ఫోను వణికింది. "నీ ఫోనన్నయ్యా." నేను తియ్యలేదు. అది మరోసారి వణికింది. "చూసుకో, వదినేమో." "కాదు" అన్నాను.

"ఆఁ, చదవండి బాబూ, చివరి అయిదూ." కాగితాల చప్పుడు. తమ్ముడు తెర దగ్గరికి వంగాడు. "ఏడు" అన్నాడు. "ఏడు" అంది టీచరు, వేలు కిందికి జారుస్తూ ఉంటుంది, తలలోంచి పెన్సిలు తీసి ఉంటుంది. "కె." "కె. ఊఁ." వాడికి పొలమారి దగ్గొచ్చింది, చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, దగ్గు ఆగలేదు, ఆవిడ అటు ఎదురుచూస్తోంది, సరుకు సగంలో ఆగితే నేను ఓర్చుకోలేను, ముప్పై ఏళ్ల దుకాణం, "నాలుగు, తొమ్మిది, డబ్ల్యూ" అన్నాను.

తెర నా వైపు లేదు.

"దొరికింది!" అంది టీచరు, స్పీకర్లో, సంతోషంగా. "ఇది మన చిట్టికి ఇచ్చింది కదా అన్నగారూ?"

తమ్ముడి దగ్గు ఆగిపోయింది. వాడు నా మొహంలోకే చూస్తున్నాడు. నేను ఇప్పుడు ఏదో ఒకటి అంటానని, ఇది కూడా నా విరుపుల్లో ఒకటేనని, పెదవి చివర కొంచెం ఎత్తిపెట్టి, నవ్వడానికి సిద్ధంగా.